నలభై మూడు బండ్ల తూకం

గా దినాలల్ల నాకొక అలవాటుండె. ఎవరన్న ఏదన్న అడుగుతే, వాళ్లు అడుగుడు పూర్తిగాకముందే నేను జవాబు చెప్పేటోన్ని. ఇరువై మూడేండ్ల వయసు, కరీంనగర్‌ల చదివిన కంప్యూటర్ కోర్సు, సంచిల సర్టిఫికెట్, జేబుల మెరిసే పెన్ను (దాంతోని రాసింది తక్కువ, చూపిచ్చుకున్నది ఎక్కువ). మాది మందమర్రి. మా బాపు బొగ్గు బాయిల పనిచేసేటోడు. నాకు ఆదిలాబాద్‌ల ఒక పత్తి మిల్లుల 'సిస్టమ్ ఇంచార్జి' అని నౌకరి దొరికిందని తెల్వంగనే బాపు మా క్వార్టర్ల లైన్ల ఇంటింటికి తిరిగి పేడాలు పంచిండు. "సిస్టమ్ అంటే ఏందే?" అని ఎవలో అడిగితే, "మిల్లు మొత్తం మావోని చేతులనే ఉంటదట" అన్నడట. అవ్వ ఫోన్‌ల చెప్పి నవ్వింది. నేను మాత్రం నవ్వలే. నాకు గూడ గట్లనే అనిపిస్తుండె మరి.

నేను పోయేటాలకు మిల్లుల ఐదు పాత సర్వర్లు ఉండె. సర్వర్ అంటే మరేం కాదు, ఒక పనికి సంబంధించిన లెక్క మొత్తం పట్టుకొని కూసునే డబ్బా. కాంటాకొకటి, హాజరుకొకటి, గోదాముకొకటి, లెక్కల ఆఫీసుకొకటి, సేటు ఆఫీసుకొకటి. ఐదు డబ్బాలు ఐదు రూములల్ల, ఎవలది వాళ్ల కాళ్ల కాడ ఉండేటిది. వాటి మీద దూది పేరుకపోయి స్వెట్టర్ తొడుక్కున్నట్టు కనవడేటియి. లెక్కల ఆఫీసు చూసుకునే ఆమెను మిల్లంత లెక్కలక్క అనేది. ఆమె డబ్బా ఎప్పుడు సలసల కాగుతుండేది గనుక, దాని మీద టిఫిన్ పెట్టి మధ్యాహ్నం వెచ్చగ తినేది. హాజరు డబ్బా రెండు దినాలకొకసారి దానంతట అదే బందయ్యేది (నిజానికి ముందుగాల దానికే గైర్‌హాజరు వెయ్యాలె). ఇగ కాంటా తాత. కాంటా అంటే బండ్లు ఎక్కి తూగే పెద్ద త్రాసు. నిండు బండిని ఒకసారి, పత్తి దించినంక ఉత్త బండిని ఒకసారి తూస్తరు. రెంటి నడుమ తేడానే రైతు పత్తి. తూకం లోపల కంప్యూటర్ల పడుతది, బయట పెద్ద ఎర్ర అంకెల బోర్డు మీద గూడ పడుతది. తాత ముప్పై ఏండ్లకు ఎక్కువనే గా కాంటా రూముల కూసుంటుండె. చెవి మీద పెన్సిలు, ముక్కు మీద దారంతోని కట్టిన అద్దాలు. తూకం అయినంక చిన్న చిట్టీ మీద అంకె రాసి రైతు చేతిల పెట్టేటోడు.

నేను పోయిన మూడో వారంలనే సేటు దగ్గర నిలబడి వర్చువలైజేషన్ మీద ఉపన్యాసం ఇచ్చిన. ఐదు ముసలి డబ్బాలు ఎందుకు సేట్, ఒక్క గట్టి మిషను కొందాం, దాని లోపలనే ఐదు మిషన్లు ఉన్నట్టు చేద్దాం, కరెంటు తక్కువ, దుమ్ము తక్కువ, లొల్లి తక్కువ అన్న. సేటు నన్ను పేరు పెట్టి పిలిచేటోడు కాదు, "కంప్యూటర్" అనేటోడు. అంత విని, "ఏ కంప్యూటర్, నీ ఉన్నట్టు, లేనట్టు నాకు సమజ్ గాదు. చెయ్యి. కని ఒక్క మాట. పండుగ అయినంక కొనుడు షురూ అయితది. గా మొదటి దినం రైతు నా కాడ పరేషాన్ అయిండంటె పక్క మిల్లుకు పోతడు, ఇగ ఈ సీజన్ల మళ్లి చూడడు. గట్లయితె నీ బ్యాగు నువ్వు సదురుకో" అన్నడు. నేను "ఫికర్ చెయ్యకుండ్రి సేట్" అన్న. నాకు ఇంకా ఆరు నెలల పరీక్ష నౌకరే. అది పోతే బాపు పంచిన పేడాలు నేను ఎట్ల వాపసు తెద్దును?

కొత్త మిషను వచ్చింది. ఏసీ రూముల పెట్టిన. ఐదు డబ్బాలల్ల ఉన్నదంత దాంట్లకు మార్చిన. అందరికంటె ముందుగాల కాంటా తాత వచ్చిండు. చెప్పులు బయట ఇడిచి, గుడికి వచ్చినట్టు లోపలికి వచ్చి, "నా మిషను ఏది?" అన్నడు.

"గిదే తాతా, దీని లోపల ఉంది."

"లోపలంటె ఎక్కడ? మూత తియ్యి, చూస్త."

"మూత తీసినా కనవడది తాతా. అది ఉన్నట్టు మిషను."

"ఉన్నట్టు అంటె ఉన్నదా, లేదా?"

"ఉన్నది. కని లేదు."

తాత అద్దాలు తీసి తుడిచి మళ్ల పెట్టుకున్నడు. "మరి రైతు తెచ్చే పత్తి నిజందేనా, అది గూడ ఉన్నట్టేనా?" అన్నడు. నాకు నవ్వొచ్చింది గని ఓపికగ చెప్పిన. ఒక్క ఇంట్ల ఐదుగురు అన్నదమ్ములు ఉన్నరనుకో, ఇల్లు ఒకటే, ఎవని అర్ర వానిది, ఒకని అర్రల లొల్లయితే ఇంకోనికి ఇనవడది అన్న. తాత నా దిక్కు జాలిగ చూసి, "నీకు పెండ్లి కాలే గదా బిడ్డా?" అన్నడు. కాలే అన్న. "అదే మరి. మేము నలుగురం అన్నదమ్ములం. ఒక అర్రల తుమ్మితె మూడు అర్రలల్ల పంచాయితి అయితది" అనుకుంట పోయిండు.

అంతటితోని ఊకుంటే బాగుండు. నేను ఇంకో రెండు తెలివైన పనులు చేసిన. మొదటిది, తాత చిట్టీలు బంద్ పెట్టించిన. "ఎందుకు తాతా గా చిట్టీలు, అంత లోపలనే ఉంటది. మధ్యాహ్నం లెక్కలక్క మిషనుకు అంత ఒక్కసారే పోతది, ఆమె కిటికీ కాడ అచ్చు కాగితం ఇస్తది" అన్న. తాత మిగిలిన చిట్టీల కట్టకు రబ్బరు బ్యాండు ఏసి సొరుగుల పెట్టుకున్నడు. రెండోది, మెమరీ పంచుడు. మెమరీ అంటే మిషను పనిచేసుకునే బల్ల అనుకోండ్రి, బల్ల ఎంత పెద్దగుంటె పని అంత తీరుగ అయితది. ఉన్నదాంట్ల సగం సేటు ఆఫీసుకు రాసిచ్చిన. (సేటు దాని మీద పొద్దుగాల పత్తి రేట్లు చూసి, తర్వాత ఒక్కడే పేకాట ఆడుకునేటోడు. కని సేటు సేటే గదా.) కాంటాకు ఏం పనుంటది, అంకెలు రాసుకునుడే గదా అని, అందరికంటె చిన్న బల్ల తాతకిచ్చిన.

దసరా వచ్చింది. మా మిల్లుల దసరా పొద్దున మిషన్లన్ని బంద్ చేసి, కడిగి, బొట్లు పెట్టి, పూజ చేసుడు రివాజు. ఎవల మిషనుకు వాళ్లే పూజ చేసుకోవాలె, ఇంకొకలు చెయ్యి పెట్టొద్దు. ఎన్నడు లేంది గీసారి ఐదుగురు ఐదు పళ్లాలు పట్టుకొని ఒక్క రూము ముంగట నిలబడ్డరు. కొబ్బరికాయలు బయటనే కొట్టుండ్రని కాళ్లు మొక్కినంత పని చేసిన, ఇన్నరు. కని బొట్టు కాడ వచ్చింది లొల్లి. "నాది ఏ దిక్కున ఉంటది తమ్మీ?" అన్నది లెక్కలక్క. ఏ దిక్కున ఉండదు అక్కా అంటే ఇనేటట్టు లేదు. ఎనుక నలుగురు ఎదురుచూస్తున్నరు, అగరుబత్తులు కాలిపోతున్నయి. నేను ఇగ మనసు గట్టి చేసుకొని పటేల్ భూమి పంచినట్టు పంచిన. పైన కుడి మూల లెక్కలక్కది, ఎడమ మూల గోదాముది, నట్టనడుమ సేటుది, ఎనుక ఫ్యాను దిక్కు హాజరుది, కింద ఎడమ మూల కాంటాది. తాత నడుము వంచి కింద మూలకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఒక బంతిపువ్వు ఆనిచ్చి, "కింద పెట్టినవు గదరా నన్ను" అన్నడు. గొంతుల కోపం లేదు. అందుకే జర మనసుకు తగిలింది.

పూజకని అన్ని బంద్ చేసినం గదా, తీరిక దొరికిందని ఐదు మిషన్లకు ఫోటో తీసిన. స్నాప్‌షాట్ అంటరు. ఆ క్షణంల మిషను ఎట్లుందో అట్లనే దాచిపెట్టుకునుడు. రేపు ఏదన్న కరాబయితే ఒక్క బటన్ నొక్కితె మళ్ల ఈ క్షణానికే వాపసు వస్తది. లెక్కలక్కకు ఈ సంగతి గొప్పగ చెప్తే, "అయితె నా పెండ్లికి ముందటి దినానికి గూడ పోవచ్చా తమ్మీ?" అన్నది.

పండుగ అయిన నాలుగో దినం కొనుడు షురూ అయింది. పొద్దున ఆరింటికే బండ్లు రోడ్డు దాక ఉన్నయి. ఎడ్ల బండ్లు, ట్రాక్టర్లు, ఆటో ట్రాలీలు, పెన్‌గంగ నది అవతలికెల్లి వచ్చిన మరాఠీ రైతులు, పత్తి మీద కూసున్న ఆడోళ్లు. కాంటా తిరుగుతనే ఉంది, పత్తి దిగుతనే ఉంది, యార్డుల తెల్లగ కుప్ప లేస్తనే ఉంది. పదిన్నర దాక రాజభోగమే. సేటు నా భుజం మీద చెయ్యేసి "శాబాష్ కంప్యూటర్" అన్నడు. గా తర్వాత కాంటా నత్త నడక పట్టింది. ఒక్క తూకం ఎక్కెటందుకు రెండు నిమిషాలు, తర్వాత నాలుగు, తర్వాత కంప్యూటర్ ఇగ కదలనే లేదు. తాతకు నేనిచ్చిన చిన్న బల్ల మీద పని నిండి కింద పారిపోతుంది, అంతే సంగతి. సేటు బల్లలకెల్లి ఇంత కోసి ఇస్తే అయిపోతుండె. కని నా ఎనుక సేటు, సేటు ఎనుక లెక్కలక్క, కిటికీలకెల్లి తలకాయలు పెట్టిన రైతులు. బయట ఎవలో "పక్క మిల్లుల ఖాళీ ఉన్నదట" అన్నరు. సేటు, "కాయ్ ఝాలా రే?" అన్నడు (ఏమైందిరా అని. సేటుకు గాబరయితే మరాఠీ వస్తది). నాకు ఫోటో యాదికొచ్చింది. బటన్ నొక్కిన. మిషను ఏదో అడిగింది, రెండు లైన్లు. నేను మొదటి లైను సగం దాక సదివి 'సరే' నొక్కిన.

రెండు నిమిషాలల్ల కాంటా లేడిపిల్ల లెక్క లేచింది. బండి ఎక్కుడే ఆలస్యం, తూకం పడుతుంది. సేటు నవ్వుకుంట తన రూముకు పోయిండు. నేను జేబులకెల్లి పెన్ను తీసి మళ్ల జేబుల పెట్టుకున్న. అప్పుడు తాత మెల్లగ, నాకొక్కనికే ఇనవడేటట్టు, "బిడ్డా, ఇప్పుడు ఎక్కింది నలభై నాలుగో బండి. మిషను ఒకటి అంటుందేంది?" అన్నడు.

ఫోటో దసరానాటిది. మిషనుకు ఇయ్యాల ఇంకా దసరానే. పొద్దటి సంది తూచిన నలభై మూడు బండ్లు దాని లెక్కల పుట్టనే లేదు. మధ్యాహ్నం లెక్కలక్క మిషనుకు పోవల్సిన తూకాలు ఇంకా పోనే లేదు. చిట్టీలు నేనే బంద్ పెట్టిస్తి. మళ్ల తూద్దామంటె నలభై మూడు మంది పత్తి ఒక్క కుప్పల కలిసిపోయింది. కొండంత తెల్లకుప్ప, అండ్ల ఎవనిది ఎంతో ఆ దేవునికి గూడ తెల్వది. గా రైతులేమో యార్డు పక్క రేకుల షెడ్డు కింద కూసొని, చాయ్ తాక్కుంట, అచ్చు కాగితం ఎప్పుడిస్తరా అని చూస్తున్నరు. ఏడాది పంట వాళ్లది. దాన్ని నేను ఒక్క బటన్‌తోని తుడిచిపెట్టిన. నాకు ఏడుపే వచ్చింది, దాచుకోలే. "తాతా, అంత పోయింది" అన్న.

తాత తిడుతడనుకున్న. తిట్టలే. లెక్కలక్కను పిలిచి, "అక్కా, జర కాంటా చూడు, నలభై నాలుగు సంది నంబరెయ్యి" అని తన కుర్సీల కూసోవెట్టిండు. సొరుగుల నుంచి ఒక నోటుబుక్కు తీసి నా చేతిల పెట్టి, "నీ పెన్ను రాస్తదా?" అన్నడు. రాస్తదన్న. "నడువు."

షెడ్డు కిందికి పోయి తాత నడుమిట్ల నిలబడ్డడు. "ఇనుండ్రయ్యా, ఇనుండ్రమ్మా. మా మిషను పొద్దటి లెక్క మర్చిపోయింది. మీరు మర్చిపోయిండ్రా?" అన్నడు. నేను కండ్లు మూసుకున్న, ఇగ లొల్లి లేస్తదని. లేచింది గని నేననుకున్న లొల్లి కాదు. నలభై మూడు మంది ఒక్కసారే అంకెలు చెప్పుడు షురూ చేసిండ్రు. వరుసల నిలబడ్డోడు గంటల తరబడి గా ఎర్ర బోర్డు తప్ప ఇంకేం చూస్తడు? తన తూకం ఎట్లాగు మరువడు. ముందటోని తూకం గూడ ఎర్కనే, వానికి నా కన్న ఎక్కువ పండిందా అని. తాత ఒక్కొక్కల్ని వచ్చిన వరుసల నిలబెట్టిండు. ఒకలు చెప్పాలె, ఎనుకోడు అవునవాలె, నేను రాయాలె.

"నిండుది ఇరువై ఎనిమిది క్వింటాళ్ల నలభై కిలోలు, ఉత్తది పన్నెండు అరవై."

"అవును."

"అఠ్ఠావీస్ దహా, తేరా వీస్" అన్నడు పెన్‌గంగ అవతలాయన. తాతకు మరాఠీ వస్తది, ఇరువై ఎనిమిది పది, పదమూడు ఇరువై అని నాకు చెప్పిండు, ఎనుకున్న ఇంకో మరాఠాయన తల ఊపిండు. పచ్చ తువ్వాల ఏసుకున్న ఒక మనిషి తన నిండు బండి ముప్పై ఒకటి ఇరువై అన్నడు. నేను రాయబోతుంటె ఎనుకున్న ఆమె లేచింది. "ఓ అయ్యా! ముప్పై ఇరువై. నీ బండి ఎప్పుడు దిగుతదా, నేనెప్పుడు ఎక్కుదునా అని గా బోర్డు దిక్కు నోరు తెరుసుకొని చూసిన. నాకు చెప్తున్నవా?" పచ్చ తువ్వాలాయన "ఆఁ, ఆఁ, నడుమ జర యాది తప్పింది" అన్నడు. షెడ్డంత ఒక్కటే నవ్వు, ఆయన గూడ నవ్విండు. ముప్పై మంది అయినంక ఒక ముసలామె వంతు వచ్చింది. "పందొమ్మిది పది" అన్నది. ఎనుక ముగ్గురు ఒక్కసారే, "పెద్దవ్వా, ఇరువై పది! తక్కువ చెప్తున్నవు" అన్నరు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, "నాకు పక్కా యాదికి లేకుండె బిడ్డా. ఎక్కువ చెప్పి పాపం మూటగట్టుకునుడెందుకని జర తక్కువే చెప్పిన" అన్నది. నాకు కాగితం మీద అంకె కనవడలే. కండ్లు తుడుసుకొని, ఇరువై పది అని పెద్దగ రాసిన.

నడుమిట్ల సేటు అటుకెల్లి వచ్చిండు. రైతులందరు నిలబడి అంకెలు అరుస్తుంటె చూసి, ఏమైతుందని అడిగిండు. తాత తిరిగి గూడ చూడలే. "మొదటి దినం గదా సేట్, రైతుల ముంగట లెక్క ఒకసారి సదివి ఇనిపిస్తున్నం. నమ్మకం ఉంటది" అన్నడు. సేటు మస్తు ఖుషీ అయి, "అచ్ఛా, మంచి ఆలోచన. ఎవలది?" అన్నడు. తాత పెన్సిలుతోని నన్ను చూపెట్టిండు.

మధ్యాహ్నం రెండింటికి నలభై మూడు కాగితాలు అచ్చయినయి. ఒక్కలు గూడ కిటికీ కాడికి వాపసు వచ్చి తప్పుందనలే. సేటు మిషను మెమరీల సగం కోసి కాంటాకిచ్చిన (సేటు పేకాట జర మెల్లగయింది, పట్టించుకోలే). తాత చిట్టీల కట్టకున్న రబ్బరు బ్యాండు నేనే తీసిన. పొద్దుగూకె ముందు ఆఖరి బండి పోయినంక తాత పక్కన కూసొని, "సేటుకు నిజం చెప్పేస్త తాతా. నౌకరి పోతె పోనీ" అన్న.

తాత బీడి ముట్టిచ్చుకున్నడు. "నేను ఈ మిల్లుకు వచ్చిన కొత్తల," అన్నడు, "నిండు బండి కాంటా మీదికి రాంగనే ఎడ్లు బెదురుతుండెనని నేనే ఎక్కి పగ్గం పట్టుకొని నిలబడుతుంటి. లోపలోడు తూకం చూసేటోడు. ఉత్త బండి వచ్చేటాలకు ఎండ అయితుండె, ఎడ్లు గూడ నెమ్మదిగ ఉంటుండె, నేను నీడకు పోయి కూసుంటుంటి."

నాకు సమజయ్యెటందుకు జర సేపు పట్టింది. "అంటె ప్రతి బండికి నీ బరువు..."

"మూడు దినాలు. గా మూడు దినాలు రైతులు నన్ను మస్తు ఇష్టపడ్డరు."

"మరి సేటుకు చెప్పినవా?"

"అప్పటి సేటు ఈయన నాయిన. చెప్దాం చెప్దాం అనుకుంటనే ఆయన కాలం చేసిండు. ఇప్పుడు ఈయనకు ఎట్ల చెప్పాల్నా అని ఆలోచన చేస్తున్న."

గా మిల్లుల నాలుగేండ్లు పనిచేసిన. నేనూ ఆలోచన చేసుకుంటనే ఉన్న. తర్వాత కరీంనగర్‌ల పెద్ద నౌకరి వచ్చింది, తాత పెద్ద వయసుల కండ్లు మూసిండని లెక్కలక్క ఫోన్ చేసి చెప్పింది, నాకు పొట్ట వచ్చింది, నెత్తి మీద వెంట్రుకలు పోయినయి. మొన్న ఒక పెండ్లిల సేటు కనవడ్డడు. చేతి కర్ర ఉంది, నన్ను గుర్తుపట్టిండు. చుట్టున్నోళ్లకు చూపెట్టి, "ఈ కంప్యూటర్ ఉన్నన్ని దినాలు నా మిల్లుల ఒక్క రైతు తూకం గూడ తప్పు పోలే. మొదటి దినమే రైతుల ముంగట లెక్క సదివిపిచ్చిండు, అసొంటి పోరడు" అన్నడు. ఇగ ఇప్పుడన్న చెప్పాల్నని నోరు తెరిచిన. "అది నా తెలివి కాదు సేట్. ఆ దినం నేను అంత కరాబ్ చేసిన. కాంటా తాత, గా రైతులు నన్ను బతికిచ్చిండ్రు" అన్న. ఒక్క ముక్క అబద్ధం లేకుండ చెప్పిన.

సేటు నా చెయ్యి గట్టిగ పట్టుకొని, అందరి దిక్కు తిరిగి, "చూసిండ్రా, ఎంత ఒద్దికనో!" అన్నడు. గప్పుడు నాకు గా ఇరువై మూడేండ్ల పోరడు కండ్ల ముంగట కనవడ్డడు. వాడయితే గా మెచ్చుకోలు మొత్తం సంచిల ఏసుకొని ఇంటికి పోతుండె. నేను సేటు చెయ్యి ఇడిపిచ్చుకోలే, నవ్వుకుంట అట్లనే నిలబడ్డ.